అప్రాప్తవ్యవహారుడు: బాలధనం, దేవధనం, ధర్మరక్షణ

ఐతరేయ బ్రాహ్మణం సప్తమ పంచికలోని శునఃశేపోపాఖ్యానం ఆస్తికలోకానికి సుపరిచితం. సంతానహీనుడైన హరిశ్చంద్రుడు నారదుని ఉపదేశంతో వరుణుని ఆశ్రయించి, పుత్రుడు జన్మిస్తే ఆ పుత్రునితోనే యజిస్తానని మాట ఇచ్చాడు. రోహితుడు జన్మించాడు. వరుణుడు వచ్చి అడిగిన ప్రతిసారీ రాజు గడువు కోరాడు. పది దినాలు గడవాలన్నాడు, దంతాలు రావాలన్నాడు, అవి ఊడాలన్నాడు, తిరిగి మొలవాలన్నాడు, చివరకు కవచధారణకు యోగ్యుడు కావాలన్నాడు. ఆ వయస్సు రాగానే రోహితుడు ధనుస్సు గ్రహించి అరణ్యానికి వెళ్ళిపోయాడు. తాను పుట్టకముందే తన ప్రాణం మీద తండ్రి చేసిన ఒప్పందాన్ని అతడు అంగీకరించలేదు.

అరణ్యంలో ఆరవ సంవత్సరాన రోహితునికి క్షుధార్తుడైన అజీగర్తుడు కనిపించాడు. అతనికి ముగ్గురు కుమారులు. జ్యేష్ఠుని తండ్రి విడువలేదు, కనిష్ఠుని తల్లి విడువలేదు. నడిమివాడైన శునఃశేపుడు నూరు గోవులకు అమ్ముడుపోయాడు. యూపానికి బంధించడానికి ఎవరూ ముందుకు రాకపోతే ఆ తండ్రే మరో నూరు గోవులు తీసుకొని బంధించాడు. వధించడానికి మరో నూరు గోవులు తీసుకొని కత్తి నూరుతూ వచ్చాడు. బాలుడు దేవతలను స్తుతించాడు. పాశాలు ఒక్కొక్కటిగా జారిపోయాయి. అతడు వెళ్ళి హోతయైన విశ్వామిత్రుని అంకం మీద కూర్చున్నాడు. కొడుకును తిరిగి ఇమ్మని అజీగర్తుడు అడిగితే, మూడు వందల గోవులను తనకంటె మిన్నగా ఎంచుకున్నవాడి దగ్గరకు రానని శునఃశేపుడే చెప్పాడు. విశ్వామిత్రుడు అతనిని దేవరాతుడనే పేర పుత్రునిగా స్వీకరించాడు.

లౌకిక దృష్టితో చూస్తే ఈ విక్రయంలో లోపం కనబడదు. అమ్మినవాడు వయస్కుడు, కొన్నవాడు వయస్కుడు, మూల్యం చెల్లింది, వస్తువు చేతికి వచ్చింది. అయినా ఆ ఒప్పందం నిలువలేదు. ఎందుకు నిలువలేదన్న ప్రశ్నకు భారతీయ ధర్మచింతన శతాబ్దాల పాటు సమాధానం వెదికింది. బాలుడు చేసిన ఒప్పందం చెల్లుతుందా, బాలుని పేర పెద్దలు చేసిన ఒప్పందం ఎంతవరకు చెల్లుతుంది అనే నేటి న్యాయస్థానాల ప్రశ్నకు మూలం ఈ విచారణలోనే ఉన్నది.

తండ్రికి సంతానంపై స్వత్వం ఉన్నదా?

ఈ విషయంలో ప్రాచీనులు ఏకాభిప్రాయంతో లేరన్నది దాచవలసిన సంగతి కాదు. వసిష్ఠ ధర్మసూత్రం తల్లిదండ్రుల శుక్లశోణితాల వలన పుట్టినవాడు గనుక పుత్రుని ఇవ్వడానికి, అమ్మడానికి, త్యజించడానికి వారికి అధికారం ఉన్నదని పలికింది. ఆపస్తంబుడు దీనికి భిన్నంగా సంతానం విషయంలో దానమూ లేదు, క్రయవిక్రయ ధర్మమూ లేదని స్పష్టంగా నిషేధించాడు. ఆంధ్రదేశంలో కృష్ణయజుర్వేదులలో అధిక సంఖ్యాకులు అనుసరించేది ఆపస్తంబ సూత్రమే కనుక ఈ నిషేధం తెలుగు వైదిక కుటుంబాలకు స్వసూత్ర వచనం.

పూర్వమీమాంస ఈ సందేహాన్ని విశ్వజిద్యాగ ప్రకరణంలో తేల్చింది. విశ్వజిత్తులో యజమాని సర్వస్వాన్నీ దక్షిణగా ఇవ్వాలి. ఆ సర్వస్వంలో తల్లిదండ్రులు, సంతానం చేరుతారా అన్న ప్రశ్న వచ్చినప్పుడు, ఎవనికి దేనిపై స్వత్వం ఉన్నదో అదే దేయం, బంధువులపై స్వత్వం లేదు గనుక వారు దేయులు కారని జైమిని షష్ఠాధ్యాయంలో నిర్ణయించాడు. ‘నా కొడుకు’ అనే మాటలో ఉన్న ‘నా’ సంబంధాన్ని చెబుతుందే గాని యాజమాన్యాన్ని చెప్పదు. యాజ్ఞవల్క్యుడు సైతం కుటుంబానికి విరోధం రాకుండా స్వధనాన్ని ఇవ్వవచ్చునంటూ భార్యాపుత్రులను ఆ దానం నుండి మినహాయించాడు. కౌటిల్యుడు మరొక అడుగు ముందుకు వేసి, వ్యవహారవయస్సు రాని ఆర్యబాలుని అమ్మిన స్వజనానికే దండన విధించాడు.

మనుస్మృతి దశమాధ్యాయంలో ఆపద్ధర్మాన్ని చెబుతూ, ఆకలి బాధతో చేసినందున అజీగర్తునికి పాపం అంటలేదన్నది. ఈ వచనం కర్తకు దోషం లేదన్నదే గాని, ఆ విక్రయం బాలుని బంధిస్తుందని అనలేదు. ఒక కర్మ వలన పాపం కలుగుతుందా అన్నది వేరు, ఆ కర్మ వలన అన్యునికి హక్కు సంక్రమిస్తుందా అన్నది వేరు. ఈ భేదమే వ్యవహారశాస్త్రానికి ప్రాణం.

వయోనిర్ణయం

వ్యవహార శబ్దానికి ధర్మశాస్త్రంలో లావాదేవీ, వివాదం, న్యాయవిచారణ అనే అర్థాలు కలవు. వీటిలో స్వయంగా ప్రవర్తించే యోగ్యత వచ్చినవాడు ప్రాప్తవ్యవహారుడు, రానివాడు అప్రాప్తవ్యవహారుడు. నేడు మైనరు అనే మాటకు శాస్త్రసమ్మతమైన పర్యాయపదం ఇదే.

ఈ యోగ్యత ఒక్కసారిగా వచ్చేది కాదు. ఉపనయనానికి ముందు బాలుడు ఇష్టానుసారంగా సంచరించవచ్చు, మాట్లాడవచ్చు, భుజించవచ్చునని గౌతముడు విధినిషేధాల భారాన్ని సడలించాడు. మహాభారతం ఆదిపర్వంలోని మాండవ్యోపాఖ్యానం ఇదే న్యాయాన్ని కథారూపంలో చూపిస్తుంది. చేయని దొంగతనానికి శూలారోపణ అనుభవించిన మాండవ్యుడు ధర్మదేవత సన్నిధికి వెళ్ళి కారణం అడిగాడు. బాల్యంలో కీటకాలను గడ్డిపరకతో పొడిచిన ఫలమని ధర్ముడు చెప్పాడు. అజ్ఞానంతో చేసిన అల్పకార్యానికి ఇంతటి దండనా అని ఆగ్రహించిన మహర్షి, పదునాల్గవ ఏడు వరకు చేసిన పనికి పాపం అంటదని లోకమర్యాదను స్థాపించి, ధర్ముని మానవయోనిలో జన్మించమని శపించాడు. విదురుడు ఆ శాపఫలం. బాలుని పెద్దవానితో సమంగా కొలిచినందుకు సాక్షాత్తు ధర్మదేవతే దండితుడైనాడని చెప్పిన సంప్రదాయం ఇది.

నారదస్మృతి వ్యవహార విషయంలో ఈ దశలను విభజించింది. ఎనిమిదవ ఏడు వరకు శిశువు గర్భస్థునితో సమానుడు. పదునారవ ఏడు వరకు బాలుడు, అతనికే పోగండుడని పేరు. ఆ తరువాత వ్యవహారజ్ఞుడు, తల్లిదండ్రులు లేకపోతే స్వతంత్రుడు. పదునారవ ఏడు అంటే ఆరంభమా, సమాప్తియా అన్న విషయంలో దేశభేదం ఏర్పడింది. దాయభాగాన్ని అనుసరించిన వంగదేశంలో పదిహేను నిండగానే బాల్యం ముగుస్తుందన్నారు. మితాక్షరను అనుసరించిన ప్రాంతాలలో పదహారు నిండాలన్నారు. కౌటిల్యుడు పురుషునికి పదహారు, స్త్రీకి పన్నెండు అని చెప్పాడు. ఈ సంఖ్యలు ఆయా కాలాల వ్యవస్థలు. సంఖ్య మారినా, బుద్ధి పరిపక్వం కానివాడిని వాని మాటతోనే బంధించరాదన్న సూత్రం మారలేదు.

చెల్లని వ్యవహారాలు

మత్తుడు, ఉన్మత్తుడు, ఆర్తుడు, పరాధీనుడు, బాలుడు, అతివృద్ధుడు చేసిన వ్యవహారం సిద్ధించదని మనువు అష్టమాధ్యాయంలో చెప్పాడు. యాజ్ఞవల్క్యుడు భయంతో చేసినదానిని, సంబంధం లేనివాడు చేసినదానిని కూడా ఈ కోవలోనే చేర్చాడు. మద్యం సేవించినవానితో బాలుని ఒకే పంక్తిలో నిలపడం చూసి చిన్నబుచ్చుకోవలసిన పని లేదు. ఇక్కడ పరిశీలింపబడినది వ్యక్తి యోగ్యత కాదు, ఆ క్షణంలో అతని సంకల్పం స్వతంత్రమా అన్నది. సంకల్పం లేని కర్మకు ఫలం లేదని వైదికులకు వేరే చెప్పనక్కరలేదు. దేశకాలాలను స్మరించి, చేయబోయే కర్మను ఎరిగి సంకల్పించినవాడే కర్త. ఒప్పందానికి కూడా ఆ జ్ఞానమే పునాది.

కల్యాణి చాళుక్యుడైన ఆరవ విక్రమాదిత్యుని కాలంలో విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షరా వ్యాఖ్య రచించాడు. 13వ శతాబ్దంలో, తిక్కన సోమయాజికి సమకాలికుడైన మూలఘటిక కేతన ఆ గ్రంథాన్ని విజ్ఞానేశ్వరీయం పేర తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. ధర్మశాస్త్రం సంస్కృతజ్ఞుల సభలకే పరిమితం కాకుండా, తెలుగు ఎరిగిన పెద్దమనుషులకు సైతం అందుబాటులోకి వచ్చింది.

బాలధనానికి కావలి ఎవరు?

బాలుని ఒప్పందం చెల్లదని చెప్పి ఊరుకుంటే రక్షణ సగమే పూర్తవుతుంది. వాని ధనాన్ని ఎవరు కాపాడాలి? బాలునికి సంక్రమించిన దాయాన్ని అతడు గురుకులం నుండి సమావర్తనం పొంది వచ్చేవరకు, లేదా శైశవం గడిచేవరకు రాజు కాపాడాలని మనువు విధించాడు. గౌతముడు కూడా వ్యవహారవయస్సునో, సమావర్తనాన్నో అవధిగా చెప్పాడు. విద్యాసమాప్తిని వయస్సుతో సమానంగా ఎంచడం గమనింపదగినది.

అర్థశాస్త్రం ఈ బాధ్యతను గ్రామానికి అప్పగించింది. బాలుని ద్రవ్యాన్ని అతనికి వ్యవహారవయస్సు వచ్చేవరకు గ్రామవృద్ధులు వృద్ధి చేయాలి. కాపాడడమే కాదు, పెంచాలి. అదే చోట కౌటిల్యుడు మరొకటి చేర్చాడు: దేవద్రవ్యాన్ని కూడా అలాగే చూడాలి. బాలధనం, దేవధనం ఒకే విధిలో ఒకదాని పక్కన ఒకటి నిలిచాయి. తన ధనం కోసం తాను నోరు తెరిచి వాదించలేని ఇద్దరు స్వాములు గ్రామంలో ఉన్నారు. ఒకడు ఊయలలో ఉన్నాడు, ఒకడు గర్భాలయంలో ఉన్నాడు. ఇద్దరి ఆస్తికీ పెద్దలే పూచీ.

దాయవిభాగంలో మైనరు వాటాను ఋణాలు తీర్చిన తరువాత మాతృబంధువుల వద్ద గాని, గ్రామవృద్ధుల వద్ద గాని ఉంచాలని కౌటిల్యుడు నిర్దేశించాడు. దాయంలో తామూ వాటా ఆశించే జ్ఞాతుల చేతికి ఆ ధనం పోకుండా చూడటంలోని లోకజ్ఞానం అందరికీ తెలిసేదే. ఇతరుని భూమిని యజమాని చూస్తూ ఉండగా దీర్ఘకాలం అనుభవించినవాడికి ఆ భూమి దక్కే సందర్భాలు స్మృతులలో ఉన్నాయి. కాని బాలధనం పరభోగం చేత నశించదని మనువు మినహాయింపు ఇచ్చాడు. అడగలేనివాని మౌనాన్ని అంగీకారంగా తీసుకోరాదని దీని భావం.

ఋణం ఉన్నది, బంధం లేదు

రక్షణ అధికమైతే అప్పిచ్చినవాడికి అన్యాయం జరగదా? ఈ ఆక్షేపాన్ని శాస్త్రకారులు విస్మరించలేదు. తండ్రి మరణించినా, అప్రాప్తవ్యవహారుడైన కుమారునిపై ఋణభారం మోపరాదని కాత్యాయనుడు చెప్పాడు. అయితే వయస్సు వచ్చిన తరువాత విధిప్రకారం తీర్చాలని, తీర్చనివారికి నరకవాసం తప్పదని హెచ్చరించాడు. ఋణదాత హక్కు నశించలేదు, కాలానికి వాయిదా పడింది. బాలుని బాల్యం అతనికి కవచం అయింది గాని, పెద్దవాడైన పిమ్మట ధర్మం నుండి తప్పించుకునే దొడ్డిదారి కాలేదు.

1903 నాటి తీర్పు

ఆంగ్లపాలనలో ఈ విషయానికి కొత్త చట్టరూపం వచ్చింది. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 11వ సెక్షనులో, తనకు వర్తించే చట్టం ప్రకారం వయస్సు వచ్చినవాడు, స్వస్థబుద్ధి కలవాడు మాత్రమే ఒప్పందానికి అర్హుడని చెప్పింది. 1875 నాటి మెజారిటీ చట్టం ఆ వయస్సును 18గా నిర్ణయించింది. న్యాయస్థానం సంరక్షకుని నియమించిన మైనరుకు మాత్రం 21 ఏళ్ళు. 1999లో ఈ 21 ఏళ్ళ నియమం తొలగింది. వివాహం, దత్తత, మతాచారాల విషయంలో మాత్రం ఈ చట్టం జోక్యం చేసుకోలేదు.

అయితే అర్హత లేనివాడు చేసిన ఒప్పందం ఏమవుతుందో చట్టం విడమరచి చెప్పలేదు. అది మొదటినుండీ శూన్యమా, లేక మైనరు కోరితే రద్దయ్యేదా అన్న విషయంలో న్యాయస్థానాలు భిన్నంగా పలికాయి. ఈ సందేహాన్ని తీర్చినది మొహరీ బీబీ, ధర్మదాస్ ఘోష్ వ్యాజ్యం.

1895 జూలై 20న కలకత్తాలో ధర్మదాస్ ఘోష్ తన ఇళ్ళను బ్రహ్మదత్ అనే వడ్డీవ్యాపారికి తనఖా పెట్టాడు. దస్తావేజులో మొత్తం 20,000 రూపాయలు, వడ్డీ నూటికి ఏడాదికి 12. నిజానికి అతని చేతికి వచ్చినది అంతకంటె తక్కువ. అతని తల్లి హైకోర్టు నియమించిన సంరక్షకురాలు. తనఖాకు ఐదు రోజుల ముందే, జూలై 15న, ఆమె తరఫు అటార్నీ వ్యాపారి అటార్నీకి లేఖ వ్రాసి, ధర్మదాస్ ఇంకా మైనరేనని, అప్పు ఇస్తే ఆ నష్టం ఇచ్చినవారిదేనని హెచ్చరించాడు. అయినా ధర్మదాస్ చేత తనకు వయస్సు వచ్చిందని వ్రాయించుకొని తనఖా జరిపించారు. సెప్టెంబరులో తల్లి అతని పక్షాన దావా వేసింది. కలకత్తా హైకోర్టులో ఆమె పక్షమే గెలిచింది. ఈలోగా బ్రహ్మదత్ మరణించాడు. అతని ఆస్తి నిర్వాహకులు లండనులోని ప్రివీ కౌన్సిల్‌కు వెళ్ళారు.

1903 మార్చిలో వెలువడిన తీర్పు ప్రకారం మైనరు చేసిన ఒప్పందం ఆదినుండే శూన్యం. రద్దు చేయడానికి అక్కడ ఒప్పందమే లేదు. వయస్సు గురించి అసత్యం వ్రాశాడు గనుక ఇప్పుడు కాదనరాదన్న వాదన కూడా నిలువలేదు, ఎందుకంటే సత్యం తెలిసినవాడు మోసపోయానని చెప్పలేడు. ఇచ్చిన సొమ్ము తిరిగి ఇప్పించమన్న ప్రార్థనను కూడా, తెలిసి తెలిసి ఇచ్చినందున, న్యాయస్థానం అంగీకరించలేదు.

ప్రివీ కౌన్సిల్ ఈ నిర్ణయానికి వచ్చింది చట్టంలోని సెక్షన్ల ద్వారానే గాని, నారదమనువుల ద్వారా కాదు. అయినా ఫలితం స్మృతికారులు చెప్పినదానికి సన్నిహితంగా ఉన్నది. బాలుడు బాలుడని ఎరిగినవాడిపైనే శాస్త్రమూ, చట్టమూ భారం మోపాయి.

ఈ తీర్పుపై విమర్శ కూడా వచ్చింది. వయస్సు దాచి సొమ్ము తీసుకొని, ఆ తరువాత బాల్యాన్ని అడ్డం పెట్టుకునే కుర్రవాడు చట్టాన్ని ఆయుధంగా వాడుకోడా? 1928లో లాహోరు హైకోర్టు ఖాన్ గుల్, లాఖా సింగ్ వ్యాజ్యంలో, మోసంతో పొందిన లాభాన్ని మైనరు తిరిగి ఇవ్వడం ఒప్పందాన్ని అమలు చేయడం కాదని, న్యాయాన్ని నిలపడమని భావించింది. 1963 నాటి నిర్దిష్ట పరిహార చట్టం, మైనరుకు గాని వాని ఆస్తికి గాని చేకూరిన లాభం మేరకు తిరిగి ఇప్పించే అవకాశాన్ని న్యాయస్థానానికి ఇచ్చింది. మైనరు జీవనానికి అత్యవసరమైన వాటిని సమకూర్చినవాడు వాని ఆస్తి నుండి ఖర్చు రాబట్టుకోవచ్చునని కాంట్రాక్టు చట్టం 68వ సెక్షను ముందే చెప్పింది. ఇది కూడా వాని ఆస్తికే పరిమితం, మైనరు వ్యక్తిగతంగా బాధ్యుడు కాడు. అన్నం పెట్టినవాడు నష్టపోరాదు, ఆశ చూపినవాడు లాభపడరాదు అన్న వివేకం ఇందులో ఉన్నది.

బాలునికి ఇచ్చిన మాట

బాలుడు బంధింపబడడు. కాని బాలునికి మాట ఇచ్చినవాడు బంధింపబడతాడు. కఠోపనిషత్తులో నచికేతుడు కుమారుడు. యముడు ఇంట లేనందున మూడు రాత్రులు నిరాహారంగా గడిపిన ఆ అతిథికి మూడు వరాలు ఇస్తానని మృత్యుదేవత మాట ఇచ్చాడు. మూడవ వరంగా ఆత్మతత్త్వాన్ని అడిగినప్పుడు యముడు సామ్రాజ్యాలను, దీర్ఘాయువును చూపి మనస్సు మళ్ళించబోయాడే గాని, నీవు బాలుడవు గనుక నా మాట చెల్లదని అనలేదు.

మద్రాసు హైకోర్టు పూర్ణధర్మాసనం 1916లో రాఘవాచారియార్, శ్రీనివాస రాఘవాచారియార్ వ్యాజ్యంలో ఇదే న్యాయాన్ని లౌకికంగా స్థిరపరచింది. మైనరు పక్షాన సొమ్ము చెల్లిపోయి, మైనరు పేర తనఖా వ్రాయబడి ఉంటే, ఆ తనఖాను మైనరు అమలు చేయించుకోవచ్చు. అప్పు తీసుకున్న వయస్కుడు మైనరు వయస్సును సాకుగా చూపి తప్పించుకోలేడు. కవచం బాలుని కోసమే, ఎదుటివాని కోసం కాదు.

సంరక్షకుని అధికారానికి హద్దు

బాలుని పక్షాన సంరక్షకుడు చేసే వ్యవహారం వేరొక ప్రశ్న. 1856లో హనుమాన్ ప్రసాద్ పాండే వ్యాజ్యంలో, మైనరు వారసుని ఆస్తిని తల్లి తాకట్టు పెట్టిన సందర్భంలో, ప్రివీ కౌన్సిల్ ఒక కొలమానాన్ని ఇచ్చింది. ఆస్తికి అవసరం గాని, ప్రయోజనం గాని ఉంటేనే నిర్వాహకుడు అప్పు చేయవచ్చు. అప్పిచ్చేవాడు కూడా ఆ అవసరం నిజమా అని శ్రద్ధగా విచారించాలి. ఇచ్చేవాడికి కూడా విచారించే బాధ్యత ఉన్నదన్నది ఈ తీర్పులోని ధర్మసూక్ష్మం.

తెలుగువారి వ్యాజ్యం ఒకటి ఈ చరిత్రలో ముఖ్యస్థానం పొందింది. మద్రాసు రాజధాని నుండి వెళ్ళిన కాకుళం సుబ్రహ్మణ్యం, కుర్రా సుబ్బారావు వ్యాజ్యంలో, మరణించిన తండ్రి ఋణాలు తీర్చడానికి సంరక్షకురాలైన తల్లి మైనరు భూమిని అమ్మడానికి ఒప్పుకున్నది. ఆమె తన అధికార పరిధిలో, మైనరు ప్రయోజనం కోసం చేసిన ఆ ఒప్పందం మైనరును బంధిస్తుందని ప్రివీ కౌన్సిల్ 1948లో నిర్ణయించింది. సంరక్షకుని సంకల్పం శుద్ధమై, అవసరం నిజమైనప్పుడు అది బాలుని సంకల్పంగానే ఎంచబడింది.

1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం ఈ అధికారాన్ని మరింత బిగించింది. సహజ సంరక్షకులైన తల్లిదండ్రులు సైతం న్యాయస్థానం ముందస్తు అనుమతి లేకుండా మైనరు స్వంత స్థిరాస్తిని అమ్మరాదు, తనఖా పెట్టరాదు. అలా చేస్తే వయస్సు వచ్చిన మూడేళ్ళలోగా ఆ బిడ్డ దావా వేసి ఆ వ్యవహారాన్ని రద్దు చేయించుకోవచ్చు. కేవలం పెంచుతున్నామనే కారణంతో బంధువులు మైనరు ఆస్తిని అన్యాక్రాంతం చేయడానికి వీలు లేదు. అజీగర్తుడు తన కొడుకును అమ్మిన నాటినుండి, తండ్రి చేతిలో ఉన్నది అధికారం కాదు, అప్పగింత అని గుర్తింపజేసే ప్రయత్నం ఇక్కడికి వచ్చింది.

గర్భాలయంలోని బాలుడు

కౌటిల్యుడు పక్కపక్కన నిలిపిన రెండు ధనాలు రెండు వేల సంవత్సరాల తరువాత న్యాయస్థానంలో మళ్ళీ కలిశాయి. దేవగ్రామం, దేవక్షేత్రం అనే మాటలలో దేవతకు స్వామిత్వం ఔపచారికమేనని, మనుష్యునివలె దేవత ద్రవ్యాన్ని వినియోగించదని శబరస్వామి నవమాధ్యాయ భాష్యంలో చర్చించాడు. 1875లో ప్రసన్నకుమారీ దేవి వ్యాజ్యంలో ప్రివీ కౌన్సిల్ కూడా విగ్రహానికి ఆస్తి ఉన్నదనడం భావనారూపమైనదేనని, నిర్వహణకు మనుష్యుడు తప్పదని పలికింది. ఆ నిర్వాహకుని అధికారం మైనరు వారసుని నిర్వాహకుని అధికారం వంటిదని చెప్పి, అవసరం, ప్రయోజనం అనే 1856 నాటి కొలమానాన్నే దేవాలయ ఆస్తికి వర్తింపజేసింది.

1925లో ప్రమథనాథ మల్లిక్ వ్యాజ్యంలో, కుటుంబ సభ్యుల తగవులో దేవత ఎక్కడ ఉండాలన్న వివాదం వచ్చినప్పుడు, దేవత పక్షాన నిస్స్వార్థుడైన ఒక ప్రతినిధి హాజరు కావాలని ప్రివీ కౌన్సిల్ ఆదేశించింది. 1967లో విశ్వనాథ్, శ్రీ ఠాకూర్ రాధావల్లభ్‌జీ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు, దేవత మైనరు స్థితిలో ఉన్నదని, నిర్వాహకుడే దేవద్రవ్యాన్ని అన్యాక్రాంతం చేస్తే సామాన్య భక్తుడు సైతం దేవత పక్షాన దావా వేయవచ్చునని నిర్ణయించింది. ఈ సామ్యానికి హద్దు లేకపోలేదు. దావా వేసే గడువు విషయంలో మైనరుకు ఉన్న సౌకర్యాన్ని న్యాయస్థానాలు దేవతకు ఇవ్వలేదు. కనుక దేవాలయ భూమి పరాధీనమైనప్పుడు భక్తులు ఆలస్యం చేయరాదు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో అమలులో ఉన్న 1987 నాటి దేవాదాయ చట్టం కూడా ముందస్తు అనుమతి లేకుండా జరిగిన దేవాలయ స్థిరాస్తి విక్రయాన్ని, తనఖాను చెల్లనిదిగా ప్రకటించింది. మాన్యం మీద ఫలసాయం అనుభవించే అర్చకుడు గాని, పాలకమండలి సభ్యుడు గాని, అధికారి గాని ఆ భూమికి స్వామి కాడు. అందరూ ఆ బాలుని పక్షాన నిలిచిన సంరక్షకులే. బిడ్డ సొమ్ము తిన్న మేనమామకు ఏ దోషమో, దేవద్రవ్యాన్ని అపహరించినవాడికీ అదే దోషం.

సర్వలోకస్వామి మైనరు ఎట్లా అవుతాడని ఆస్తికునికి సందేహం కలగవచ్చు. ఇది తత్త్వనిర్ణయం కాదు, రక్షణ కోసం చేసిన వ్యవహార కల్పన. బ్రహ్మాండాలను ధరించినవాడే యశోద ఒడిలో శిశువైనాడు. లోకాలను కాపాడేవాడికి ఆమె దిష్టి తీసింది, ఆకలి వేళకు పాలిచ్చింది. తనను కాపాడే అవకాశాన్ని భక్తునికి ఇవ్వడం భగవంతుని సౌలభ్యం.

వ్యవహారం, పరమార్థం

బాలునికి వ్యవహారంలో అధికారం లేదన్నంత మాత్రాన అతడు అల్పుడు కాడు. ఐదేళ్ళ ధ్రువుడు తపస్సుకు అనర్హుడని నారదుడు తిరస్కరించలేదు. పరీక్షించి, మంత్రోపదేశం చేశాడు. ప్రహ్లాదునికి గురువులు రాజనీతి నేర్పితే, అతడు సహాధ్యాయులకు భక్తిని నేర్పాడు. శంకర భగవత్పాదులు ఎనిమిదవ ఏట సన్న్యాసం కోరినా, తల్లి అనుజ్ఞ పొందిన తరువాతనే గృహం విడిచారని సంప్రదాయం చెబుతున్నది. జ్ఞానానికి వయస్సు అడ్డు కాదు. లోకవ్యవహారానికి మాత్రం పెద్దల అనుజ్ఞ కావాలి. ఈ రెండింటినీ కలిపి గందరగోళపడరాదు.

నేడు పసివాడి చేతిలో ఫోను ఉన్నది. చదవని నిబంధనలకు అంగీకారం తెలిపే మీట అతని వేలి కిందనే ఉన్నది. 2023 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్ళలోపు వారి సమాచారాన్ని వాడుకోవడానికి తల్లిదండ్రుల అనుమతి ఉండాలన్నది. తండ్రి మరణానంతరం వచ్చిన భీమా సొమ్ము, తాతగారు వ్రాసిన పొలం, మనుమరాలి పేర ఉన్న ఇంటిస్థలం ఎన్నో ఇళ్ళలో పెద్దల సంతకం కోసం ఎదురుచూస్తున్నాయి. ఆ సంతకం చేసే ముందు రెండు ప్రశ్నలు చాలు: ఇది బిడ్డకు అవసరమా? దీనివలన బిడ్డకు మేలా? 1856లో న్యాయస్థానం అడిగినవీ, అంతకు ఎంతో ముందే గ్రామవృద్ధులను కౌటిల్యుడు అడిగినవీ ఇవే.

సమాధానం స్వప్రయోజనం వైపు మొగ్గితే కలం పక్కన పెట్టడమే ధర్మం. శునఃశేపునికి తండ్రి చెయ్యి యూపం వద్ద కనిపించింది. విశ్వామిత్రుని చెయ్యి అంకం వద్ద కనిపించింది. పెద్దవాడైన తరువాత అతడు తండ్రి అని పిలిచినది ఎవరినో శ్రుతి స్పష్టంగా చెప్పింది.

స్వస్తి.